రబ్బర్ సీల్‌ని క్యాడ్‌ల ఏ షేపుల గీయాలె? ఒక కారిన మూత నేర్పిన లెక్క

పోయిన ఎండకాలం మా కాక బత్తాయి తోటల ఒక కొత్త డ్రిప్పు ఫిల్టర్ పెట్టి చూసినం. ఆ ఫిల్టర్ మూత గీసింది నేనే. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చిన్న రూమ్ తీసుకొని క్యాడ్ పని చేస్త, అంటే కంప్యూటర్‌ల పార్టుల డిజైన్ గీస్త, హైదరాబాద్ దిక్కు ఒక చిన్న కంపెనీ వాళ్లు మూత డిజైన్ నాకిచ్చిన్రు. బోరు ఆన్ చేసినం, గేజు ముల్లు ఒకటిన్నర కేజీ కాడికి పోయిందో లేదో మూత చుట్టూ నీళ్లు. ఒక్క కాడ కారితే పగులు అనుకోవచ్చు, ఇది చుట్టూ సమానంగ కారుతుంది. నట్లు ఇంకింత బిగించినం, మూత పోయి బాడీకి ఆనుకున్నది, ఇంక తిరిగే జాగ లేదు, నీళ్లు మాత్రం ఆగలే. కాక ఏమనలే, "పాతదే మళ్ల పెట్టురా, చెట్లకి నీళ్లు పోవాలె గదా" అన్నడు.

ఇంటికొచ్చి మూతల నీళ్లు కారకుండ వేసిన రబ్బర్ రింగు, అదే సీల్, బయటికి తీసి వెర్నియర్ పెట్టి కొలిచిన. ఎత్తు 3 మిల్లీమీటర్లు. మూతల రింగు కూసునే గాడి లోతు ఎంత, 3 మిల్లీమీటర్లు. అంటే రింగు గాడిల సరిగ్గ నిండిపోయింది, మూత దాన్ని ఒత్తుడు అనేదే లేదు. ఇంకా చూస్తే ఆ రింగు అడ్డకోత (అడ్డంగ కోస్తే కనపడే షేపు) గుండ్రంగ లేదు, పైనా కిందా చదును, పక్కలకి గుండ్రం, మాత్ర క్యాప్సూల్ లెక్క. అప్పుడు అర్థమైంది. నేను అసెంబ్లీల (పార్టులన్నీ కలిపి చూపే బొమ్మల) బాగ కనపడాలని మూత బిగించినంక రింగు ఎట్ల ఒత్తుకుంటదో అదే షేపుల గీసిన, అదే ఫైల్ మౌల్డ్ చేసే ఆయనకి పోయింది, ఆయన అచ్చం నేనిచ్చినట్టే మౌల్డ్ చేసిండు. ఆయన తప్పు రవ్వంత లేదు. ఒత్తుకోవాల్సిన రింగుని నేను ముందే ఒత్తేసి పంపిన.

క్యాడ్‌ల రబ్బర్ సీల్ గీయడంల చిక్కంత ఇక్కడ్నే ఉంది. ఉక్కు బోల్టుకి ఒక్కటే షేపు, డబ్బాల ఉన్నా బిగించినా అదే. రబ్బర్‌కి కనీసం రెండు షేపులు ఉంటయి, చేతుల పట్టుకున్నప్పుడు ఒకటి, మిషిన్‌ల కూసున్నంక ఇంకోటి. క్యాడ్ సాఫ్ట్‌వేర్‌కి మెత్తన గట్టి తేడా తెల్వదు, మెటీరియల్ జాగల నైట్రైల్ రబ్బర్ అని రాసినా అది బరువు లెక్కకీ రంగుకీ తప్ప షేపుకి పనికిరాదు, దాని లెక్కల అది గూడ ఒక రాయే. అందుకే ఏ షేపు గీస్తున్నమో, ఎవరి కోసం గీస్తున్నమో మనమే తేల్చుకోవాలె. మౌల్డ్ వాళ్లకి పోయేది ఎప్పుడూ ఖాళీగ ఉన్న షేపు, అంటే ఒత్తిడి లేనిది. అసెంబ్లీల జాగ సరిపోయిందా అని చూసుకోడానికి కావాల్సింది ఒత్తుకున్న షేపు. (రబ్బర్ చల్లారినంక కుంచించుకపోతది, దానికి మౌల్డ్ సైజు పెంచుకునుడు మౌల్డ్ చేసేటాయన పని, మనం గూడ పెంచి పంపితే రెండు సార్లు పెరుగుతది, అది వేరే గొడవ.)

ఇగ ఒత్తుకున్న షేపు ఎట్ల గీయాలె అంటే, మన దిక్కు జొన్నరొట్టె చేసేది చూసినోళ్లకి చెప్పే పని లేదు. పిండి ముద్దని అరచేత్తో తడితే ఎత్తు తగ్గుతది, పక్కలకి పరుచుకుంటది, కాని పిండి ఎంతున్నదో అంతే ఉంటది. రబ్బర్ గూడ అంతే. మనం రబ్బర్‌ని మెత్తన అంటం, అంటే ఒత్తితే చిన్నగైతది అనుకుంటం, అది తప్పు. రబ్బర్ షేపు మార్చుకునేకాడ మెత్తన, ఘనపరిమాణం తగ్గించుకునేకాడ మహా గట్టి. షేపు మార్చడానికి 1 మెగాపాస్కల్ లెవల్ల బలం చాలు అనుకుంటే, ఘనపరిమాణం తగ్గించడానికి 2000 మెగాపాస్కల్ లెవల్ల కావాలె. కాబట్టి సీల్‌ని ఎంత ఒత్తినా, ఎంత సాగదీసినా లోపల ఉన్న రబ్బర్ ఘనపరిమాణం మారదు. ఈ ఒక్క రూల్ పట్టుకుంటే సిములేషన్ (రబ్బర్ ఎట్ల ఒత్తుకుంటదో కంప్యూటర్‌తోని లెక్క కట్టిచ్చుడు) లేకుండనే సగం పైన పని అయిపోతది.

నా రింగుతోనే లెక్క చేస్త. అది అసలు ఉండాల్సింది 4 మిల్లీమీటర్ల లావు గుండ్రటి రింగు, గాడి 3 మిల్లీమీటర్ల లోతు, అంటే 4ల 1 తగ్గుతది, 25 శాతం ఒత్తిడి. కదలని కాడ, మూతలు ఫ్లాంజీల కింద, 15 నుంచి 30 శాతం దాకా మామూలుగ పెట్టుకుంటరు, ముందుకి ఎనకకి కదిలే షాఫ్టుల కాడ ఇంకా తక్కువ, ఎందుకంటే ఎక్కువైతే రాపిడికి తొందరగ అరిగిపోతది. ఖాళీగున్నప్పుడు దాని అడ్డకోత వైశాల్యం 12.57 చదరపు మిల్లీమీటర్లు. ఒత్తుకున్నంక గూడ దాదాపు అంతే ఉండాలె. షేపుని క్యాప్సూల్ అనుకుందం, ఎత్తు 3, రెండు దిక్కుల 3 వ్యాసం ఉన్న అరగుండ్రాలు, నడుమ చదును భాగం. రెండు అరగుండ్రాలు కలిపితే 7.07 చదరపు మిల్లీమీటర్లు, మిగిలిన 5.5 నడుమ చదునుకి రావాలె, దాన్ని 3తో భాగిస్తే 1.83. మొత్తం వెడల్పు 4.83 మిల్లీమీటర్లు. అంటే 4 ఎత్తున్న రింగు 3కి దిగితే 4 వెడల్పు పోయి 4.83 అయితది. నిజం రబ్బర్ పక్కలకి అచ్చం అరగుండ్రంగ ఉబ్బదు, కొంచెం తేడా ఉంటది, కాని జాగ సరిపోతదా లేదా చూసుకోడానికి ఈ లెక్క మస్తు చాలు.

ఇదే లెక్కని క్యాడ్‌ల ఈక్వేషన్ లెక్క పెట్టుకోవచ్చు. ఖాళీ లావు ఒక పేరు, గాడి లోతు ఒక పేరు ఇచ్చి, లావు వర్గంల నుంచి లోతు వర్గం తీసేసి, పై విలువతో (3.14) గుణించి, నాలుగు లోతులతో భాగిస్తే చదును భాగం వస్తది. గాడి లోతు మారిస్తే రింగు తనంతట తనే వెడల్పు మార్చుకుంటది. చూసేటోళ్లకి రబ్బర్ నిజంగ ఒత్తుకుంటున్నట్టే కనపడుతది, అందంతోని పాటు ఘనపరిమాణం గూడ కరెక్ట్ ఉంటది. రెండు షేపుల మాస్ ప్రాపర్టీస్ (బరువు, ఘనపరిమాణం చూపే పట్టీ) పక్క పక్కన తెరిచి ఘనపరిమాణం ఒకటే ఉన్నదా చూసుడు నేను ఇప్పుడు ఎన్నడూ వదలను. కాని ఒక చిన్న ముచ్చట, రింగు మొత్తం చుట్టుకొలత గూడ అదే ఉండాలె, లేకపోతే అడ్డకోత ఒకటే ఉన్నా ఘనపరిమాణం కలవదు.

చాలమంది ఈ లెక్కలన్నీ వదిలేసి ఖాళీ రింగుని అట్లనే గాడిల పెట్టేస్తరు, మూత రింగులోకి 1 మిల్లీమీటర్ దిగినట్టు స్క్రీన్ మీద కనపడుతది. ఇంటర్‌ఫెరెన్స్ చెక్ (ఒక పార్టు ఇంకోదాంట్లకి దిగిందా చూసే చెక్) పెడితే ఎర్రగ చూపిస్తది, అది సీలే కదా అని ఇగ్నోర్ నొక్కుతరు. ఇది తప్పని నేను అనను, ఫ్యాక్టరీలల్ల సగం అసెంబ్లీలు గిట్లనే ఉంటయి, పార్టు ఒక్కటే ఉంటది కాబట్టి లిస్టుల గందరగోళం రాదు. కాని దీంట్ల ఒక ప్రమాదం దాక్కొని ఉంటది. గాడి వెడల్పు 4.1 మిల్లీమీటర్లు పెట్టిన్రు అనుకో, 4 లావు రింగు 4.1 గాడిల ముద్దుగ కూసున్నట్టే కనపడుతది, ఎవ్వరికీ అనుమానం రాదు. లెక్క చేస్తే గాడి వైశాల్యం 3 ఇంటూ 4.1, అంటే 12.3. రబ్బర్ 12.57. పెద్దది చిన్నదాంట్ల ఎట్ల పడుతది? మూతల కలిసిపోయిన ఆ 1 మిల్లీమీటర్ రబ్బర్ స్క్రీన్ మీద మాయమైతది గాని నిజంల ఎక్కడికి పోతది, పక్కలకే రావాలె, పక్కల జాగ లేదు. అప్పుడు మూత పూర్తిగ దిగదు, బిగించేటోడు పానాకి పైపు తగిలించి బిగిస్తడు, ప్లాస్టిక్ బాడీ అయితే పగులుతది. అందుకే గాడి ఎన్నడూ నిండుగ ఉంచొద్దు, 85 శాతం దాటనీయొద్దు అంటరు. నా మూత గాడి 5.4 వెడల్పు, 3 లోతు, 16.2 చదరపు మిల్లీమీటర్లు, దాంట్ల 12.57 అంటే 78 శాతం లోపలనే.

ఆ మిగిలిన జాగ వేస్ట్ అనుకోవద్దు. రబ్బర్ వేడికి ఉక్కు కంటే సుమారు పదింతలు వ్యాకోచిస్తది, మన నల్లగొండ ఎండకి తోటల నల్ల ఫిల్టర్ ఎంత కాగుతదో చెయ్యి పెట్టినోళ్లకి తెలుసు, రబ్బర్ ఘనపరిమాణం ఒక శాతం పైన పెరగొచ్చు. నూనె, డీజిల్ తగిలే కాడ ఇంకా ఉబ్బుతది, ఈపీడీఎమ్ రబ్బర్ నీళ్లకి, ఎండకి మంచిది గాని మినరల్ ఆయిల్ తగిలితే బాగ ఉబ్బుతది, నైట్రైల్ నూనెకి ఆగుతది గాని ఎండకి, ఓజోన్‌కి పగుళ్లిస్తది. గాడిల పక్క జాగ లేకపోతే ఆ ఉబ్బు అంత మూత మీదకే పోతది.

సాగదీసుడు గూడ ఇదే రూల్. షాఫ్టు మీద గాడిల వేసే రింగుని కొంచెం సాగదీసి ఎక్కిస్తం, 5 శాతం సాగితే లావు 2.4 శాతం తగ్గుతది, ఎందుకంటే పొడుగు పెరిగిన దానికి అడ్డకోత తగ్గాలె, వైశాల్యం తగ్గిన దాంట్ల వర్గమూలమే లావు. 4 మిల్లీమీటర్లు 3.9 అయితది. చిన్న తేడా లెక్కనే కనపడుతది గాని 25 శాతం ఒత్తిడి అనుకున్నది 23కి వస్తది, దానికి తోడు గాడి టాలరెన్స్ (కొలతల ఒప్పుకునే చిన్న తేడా) ఒక దిక్కు, రింగు టాలరెన్స్ ఇంకో దిక్కు పడితే అప్పుడు కారుతది. క్యాడ్‌ల స్కేల్ కమాండ్ కొట్టి రింగు పెద్దగ చేసేటోళ్లని చూసిన, స్కేల్ చేస్తే లావు గూడ పెరుగుతది, రబ్బర్ చేసే దానికి సరిగ్గ ఉల్టా.

సాఫ్ట్‌వేర్‌లు కొంత సాయం చేస్తయి. సాలిడ్‌వర్క్స్‌ల 2020 వెర్షన్ నుంచి పార్టుని ఫ్లెక్సిబుల్ చేసే ఆప్షన్ ఉంది, క్రియోల ఫ్లెక్సిబుల్ కాంపోనెంట్ ఎప్పట్నుంచో ఉంది, ఎన్ఎక్స్‌ల డిఫార్మబుల్ పార్ట్ అంటరు, సాలిడ్ ఎడ్జ్‌ల అడ్జస్టబుల్. పేర్లు వేరు గాని పని దాదాపు ఒకటే, పార్ట్ నంబర్ ఒక్కటే ఉంచి, ఒక్కో అసెంబ్లీల ఒక్కో షేపు తీసుకోనిస్తయి. సామాన్ల లిస్టుల రెండు రింగులు రావు, స్టోర్ ఆయన రెండు రకాలు ఆర్డర్ పెట్టడు. అవేవీ లేకపోతే ఒకే పార్టుల రెండు కాన్ఫిగరేషన్లు, అంటే ఒకే ఫైల్‌ల రెండు షేపులు, పెట్టుకుంటే చాలు, నేను "ఖాళీ" అని ఒకటి "బిగించింది" అని ఒకటి పెడుత, డ్రాయింగ్ షీటుకి ఖాళీది మాత్రమే కలుపుత. ఇవన్నీ షేపు మార్చడానికి దారి ఇస్తయి గాని ఏ షేపుకి మారాలె అనేది మనం చెప్పాల్సిందే, ఫ్లెక్సిబుల్ అని పేరున్నంత మాత్రాన దానికి రబ్బర్ గుణం రాదు.

తలుపులకి, కంట్రోల్ ప్యానల్ డబ్బాలకి వేసే పొడుగు ప్రొఫైల్ రబ్బర్ ఇంకో రకం సతాయింపు. అడ్డకోత గీసి దారి ఎంబడి స్వీప్ కొడితే మూలల కాడ గూడ నున్నగ తిరుగుతది, స్క్రీన్ మీద ఎంత ముద్దుగుంటదో. 12 మిల్లీమీటర్ల వెడల్పు రబ్బర్‌ని నడుమ గీత 30 రేడియస్‌తోని మూల తిప్పినం అనుకో, నడుమ గీత పొడుగు 47.1, లోపలి అంచు 37.7, బయటి అంచు 56.5. అంటే లోపల 20 శాతం కుంచించుకోవాలె, బయట 20 శాతం సాగాలె. సాగుడు సరే, కుంచించుకునే కాడ బోలు ప్రొఫైల్ అయితే ముడత పడుతది, ఆ ముడత కాడ్నే వాన నీళ్లు లోపలికి పోతయి. క్యాడ్ ఆ ముడత ఎన్నడూ చూపియ్యదు. అందుకే స్వీప్ ఎప్పుడూ నడుమ గీత మీదనే కొట్టాలె, కట్ చేసే పొడుగు ఆ గీత నుంచే తీసుకోవాలె, మూల మరీ బిగువుంటే అక్కడ వేరేగ మౌల్డ్ చేసిన మూల ముక్క అతికించాలె. ఇంకోటి, ఈ తలుపు రబ్బర్లల్ల చాలవరకు స్పాంజి రకం ఉంటది, దాంట్ల గాలి బుడగలు ఉంటయి కాబట్టి ఒత్తితే నిజంగనే చిన్నగైతది. ఘనపరిమాణం మారదు అనే రూల్ స్పాంజికి పెట్టొద్దు, అది గట్టి రబ్బర్ రూల్.

ఇప్పటిదాక చెప్పింది నీళ్లు రాకముందు సంగతి. ప్రెషర్ వచ్చినంక సీల్ ఇంకో షేపుకి పోతది. ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ చూడుర్రి, అంచు లోపల దిక్కు తెరుచుకొని ఉంటది, ఆవిరి ఆ అంచుని మూతకి వేసి నొక్కుతది, ప్రెషర్ ఎంత పెరిగితే అంత గట్టిగ మూసుకుంటది. నాగార్జున సాగర్ 26 క్రెస్ట్ గేట్ల అసుంటి పెద్ద రేడియల్ గేట్లకి గూడ పక్కలకి రబ్బర్ సీళ్లే, ఒక కొసకి గుండు ఉన్న పట్టీ లెక్క ఉంటది, సంగీతం నోటు లెక్క ఉంటదని దాన్ని మ్యూజిక్ నోట్ సీల్ అంటరు, నీళ్ల తాకిడే ఆ గుండుని గోడ మీది ఉక్కు ప్లేటుకి నొక్కుతది. సాగర్ గేటు ఎత్తు 44 అడుగులు, అంటే నిండ నీళ్లున్నప్పుడు గేటు అడుగున సుమారు 1.3 బార్ ప్రెషర్ (ఒక బార్ అంటే గేజు మీద దాదాపు ఒక కేజీ). మా కాక తోటల ఫిల్టర్‌ల గూడ దగ్గర దగ్గర అంతే ప్రెషర్, ఇది తెలిసినంక నాకు ఆ చిన్న మూత మీద గౌరవం పెరిగింది. నా మూతల అసుంటి గుండ్రటి అడ్డకోత రింగు, దాన్ని ఓ రింగు (O-రింగ్) అంటరు, అది గూడ ఇట్లనే, ప్రెషర్ దాన్ని గాడిల ఒక పక్క గోడకి తోస్తది, రబ్బర్ చిక్కటి ద్రవం లెక్క ఆ ప్రెషర్‌ని మూత మీదికి అందిస్తది, మనం ఒత్తిన ఒత్తిడికి నీళ్ల ప్రెషర్ కలుస్తది. కాని ఆ మొదటి ఒత్తిడి సున్నా ఉంటే నీళ్లకి ముందే సందు దొరుకుతది, తర్వాత ఎంత ప్రెషర్ పెంచినా లాభం లేదు. నా మూతల అయ్యింది అదే. లోపల్నుంచి ప్రెషర్ వచ్చే మూతలల్ల రింగుని గాడి బయటి గోడకి ఆనిచ్చి గీయాలె, ఎట్లాగూ నీళ్లు దాన్ని అటే తోస్తయి కాబట్టి, నడుమల గీస్తే ప్రతిసారి బోరు ఆన్ చేసినప్పుడు రింగు జరుగుతది.

ఈ షేపు అచ్చంగ కావాలంటే సిములేషన్‌కే పోవాలె. అక్కడ మొదలు పెట్టేటోళ్లు చేసే తప్పు, ఉక్కుకి పెట్టినట్టే ఒక స్థితిస్థాపక గుణకం, ఒక పాయిజన్ నిష్పత్తి (పొడుగు లాగితే పక్కలకి ఎంత సన్నబడుతదో చెప్పే అంకె) ఇచ్చి రన్ కొట్టుడు. 70 షోర్ గట్టిదనం ఉన్న రబ్బర్‌కి ఆ గుణకం సుమారు 5.5 మెగాపాస్కల్ వస్తది, ఉక్కుకి 2 లక్షలు. పాయిజన్ నిష్పత్తి రబ్బర్‌కి 0.5కి బాగ దగ్గర, సరిగ్గ 0.5 ఇస్తే లెక్కల భాగహారం కింద సున్నా వస్తది, సాల్వర్ ఆగిపోతది, 0.49 అని ఇస్తే జవాబు వస్తది గాని మామూలు ఎలిమెంట్లు (లెక్క కోసం షేపుని విడగొట్టే చిన్న ముక్కలు) బిగుసుకపోయి రబ్బర్‌ని ఉన్న దానికంటే గట్టిగ చూపిస్తయి. అందుకే రబ్బర్ కోసం వేరే మోడళ్లు ఉన్నయి, మూనీ 1940ల మొదలుపెట్టి రివ్లిన్ 1948ల పెద్దగ చేసిన మూనీ రివ్లిన్, 1972 నాటి ఆగ్డెన్, ఇంకా కొన్ని. ఎలిమెంట్ల కాడ గూడ ప్రెషర్‌ని వేరేగ లెక్క పెట్టే హైబ్రిడ్ రకం తీసుకోవాలె. మోడల్‌కి అంకెలు రావాలంటే రబ్బర్ ముక్కని సాగదీసి చూడాలె, ఒక దిక్కు లాగుడు, రెండు దిక్కుల సమానంగ లాగుడు, వెడల్పు పట్టీని లాగుడు, మూడు టెస్టులు ఉంటే మంచిది, ఒక్క లాగుడు టెస్టు మీద తీసిన అంకెలు ఒత్తిడి కాడ మోసం చేయొచ్చు.

గుండ్రటి రింగుకి మూడు డైమెన్షన్ల మోడల్ పెట్టి కంప్యూటర్‌ని రాత్రంత కాల్చే పని లేదు, అడ్డకోత ఒక్కటి గీసి యాక్సి సిమ్మెట్రిక్ (చుట్టూ అంత ఇదే షేపు) అంటే నిమిషాలల్ల అయిపోతది. ముందు మూత దింపే స్టెప్, తర్వాత నీళ్ల ప్రెషర్ స్టెప్, రెండూ విడివిడిగ పెట్టాలె. వచ్చిన వంపు షేపుని మళ్ల క్యాడ్‌లోకి తెచ్చుకోవచ్చు గాని రోజు పనికి నేనయితే క్యాప్సూల్ లెక్కతోనే సరిపెడుత. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌ల ఫార్మా లైన్లకి పని చేసే దోస్తు మాత్రం సిములేషన్ లేకుండ ఉండడు, అక్కడ క్లాంప్ గాస్కెట్ పైపు లోపలికి అర మిల్లీమీటర్ ఉబ్బినా ఆ మూలకి మందు పేరుకుంటది, కడిగినా పోదు, వాళ్ల బాధ వేరు.

స్క్రీన్ మీద ఎన్నడూ కనపడనియి రెండు, చలి ఒకటి, కాలం ఒకటి. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక కూలి ఏడుగురు పోయిన్రు, ఆ పొద్దు చలికి బూస్టర్ జాయింట్‌ల ఓ రింగులు గట్టిపడి తొందరగ ఎనకకి లేవలేదు. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ విచారణల అందరి ముందట ఆ రబ్బర్ ముక్కని చిన్న క్లాంపుతోని బిగించి ఐసు నీళ్లల్ల ముంచి తీసి చూపించిండు, క్లాంపు తీసినంక అది వెంటనే పాత షేపుకి రాలే. డ్రాయింగ్‌ల ఖాళీ షేపు, బిగించిన షేపు రెండూ కరెక్టే ఉండొచ్చు, ఒక దాంట్ల నుంచి ఇంకో దాంట్లకి ఎంత సేపట్ల పోతది అనేది ఏ డ్రాయింగ్‌ల ఉండదు.

కాలం సంగతి కాక తోటలనే చూసిన. కొత్త మౌల్డ్ చేయించి, ఈసారి గుండ్రటి 4 మిల్లీమీటర్ల రింగు తెప్పించి వేసినం, షీటు మీద "ఈ కొలతలు ఒత్తిడి లేనప్పటివి, బిగించినంక ఎత్తు 3" అని తెలుగుల గూడ రాసి పంపిన. చుక్క నీరు రాలే. ఎండకాలం అయిపోయినంక మూత విప్పి రింగు తీసి, ఒక దినం ఖాళీగ పెట్టి కొలిస్తే 3.7. ఒత్తింది 1 మిల్లీమీటర్, దాంట్ల 0.3 తిరిగి రాలే, అంటే 30 శాతం కంప్రెషన్ సెట్. ఇంకా 0.7 పట్టు ఉన్నది కాబట్టి మళ్ల అదే వేసి బిగించినం. కాక పక్కన కూసొని చూసి "ఇది ఇంకెన్నేండ్లు వస్తదిరా" అని అడిగిండు, వచ్చే ఎండకాలం మళ్ల కొలిచి చెప్తనన్న. ఇప్పుడు నా ఫైల్‌ల మూడో కాన్ఫిగరేషన్ ఒకటి ఉంది, పేరు "పాతది", ఎత్తు 3.7, దాన్ని గాడిల పెట్టి చూసినంకనే మూత బయటికి పంపుతున్న.